పీహెచ్‌పీలో డేటాబేస్ కనెక్షన్లు నిండిపోతున్నాయి, ఎక్కడ సర్దాలి?

అందరికీ నమస్కారం. గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయికి కమీషన్ కొట్టు ఉంది. ఏ లాటు ఎంత తూగిందో, తక్‌పట్టీలో (అమ్మకం చీటీలో) ఎంత పడిందో రైతులు ఫోన్లోనే చూసుకునేలా పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌తో ఓ సైటు రాసిచ్చాను. మామూలు రోజుల్లో బాగానే నడుస్తుంది. మార్చిలో టిక్కీలు (మిర్చి బస్తాలు) ముంచెత్తినప్పుడే టెన్షన్. కాటాలు మొదలైన అరగంటకు 1040 ఎర్రర్, 'టూ మెనీ కనెక్షన్స్'. ఇక బాబాయి ఫోను ఆగదు.

మాక్స్ కనెక్షన్స్, అంటే మైఎస్‌క్యూఎల్ ఒకేసారి ఒప్పుకునే కనెక్షన్ల పరిమితి, డిఫాల్టు 151 మీదే ఉంది. పేజీ త్వరగా వస్తుందని పీడీఓలో (పీహెచ్‌పీని డేటాబేస్‌కి కలిపే భాగం) పర్సిస్టెంట్ కనెక్షన్లు ఆన్ చేశాను (అప్పట్లో అది గొప్ప తెలివనుకున్నాను). పీహెచ్‌పీని నడిపే ఎఫ్‌పీఎంలో మాక్స్ చిల్డ్రన్, అంటే ఒకేసారి ఉండగల వర్కర్ల పరిమితి, 200. ప్రాసెస్‌లిస్ట్ (తెరిచి ఉన్న కనెక్షన్ల జాబితా) చూస్తే సగానికి పైగా 'స్లీప్'లో, అంటే పనేమీ లేకుండా ఉన్నాయి. మామూలు కనెక్షన్ స్క్రిప్టు ముగియగానే మూసుకుంటుంది. పర్సిస్టెంట్‌ది అలా కాదు, వర్కర్‌ని అంటిపెట్టుకునే ఉంటుంది. పైగా రిపోర్టుల ఫైలు వేరే యూజర్‌తో కనెక్టవుతుంది. అంటే ఒక్కో వర్కరు రెండేసి పట్టుకుంటున్నట్టే కదా?

పర్సిస్టెంట్ తీసేసి, చిల్డ్రన్‌ని 40కి తగ్గిస్తే సరిపోతుందా? 151ని పెంచేయమని ఒక మిత్రుడు అన్నాడు కానీ సర్వర్లో ర్యామ్ 2 జీబీయే. ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని ఎంతసేపటికి మూసేయాలో చెప్పే వెయిట్ టైమవుట్ 28800 సెకన్లు, అంటే 8 గంటలు. దాన్ని 60కి దించితే, పర్సిస్టెంట్ ఉంచుకున్నా ఇబ్బంది ఉండదా, లేక 'సర్వర్ హాజ్ గాన్ అవే' ఎర్రర్ మొదలవుతుందా? ఇంత చిన్న సైటుకి ప్రాక్సీఎస్‌క్యూఎల్ లాంటిది (మధ్యలో ఉండి కనెక్షన్లను పంచే ప్రోగ్రాం) పెట్టడం నాకైతే అతిగానే అనిపిస్తోంది. ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు ముందు దేన్ని ముట్టుకున్నారో చెప్పగలరా?