వాల్వ్ వేసిన అమ్మకు రక్తం తక్కువైంది. ఎసిట్రోమ్ ఆపి ఐరన్ మాత్రలు వేయాలా?

ప్రశ్న (జగిత్యాల నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మకు 58 ఏళ్లు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం వల్ల గుండె కవాటం పాడైపోతే, పదమూడేళ్ల కిందట మైట్రల్ వాల్వ్ తీసి మెటల్ వాల్వ్ పెట్టారు. అప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా రోజూ రాత్రి 8 గంటలకు ఎసిట్రోమ్ 2 మి.గ్రా. వేసుకుంటుంది. రెండు నెలలుగా నాలుగు మెట్లెక్కితే చాలు, గోడ పట్టుకుని నిలబడిపోతోంది. టెస్టు చేయిస్తే హిమోగ్లోబిన్ 7.9 ఉంది. మా ఊళ్లో వైద్యం చేసే ఆయన ఐరన్ మాత్రలిచ్చి, "రక్తమే తక్కువున్నప్పుడు రక్తం పలచబడే మాత్ర ఎందుకమ్మా, ఒక నెల ఆపెయ్" అన్నారు. ఐరన్ మొదలుపెట్టి ఐదు రోజులైంది. మోషన్ నల్లగా వస్తోంది. ఐరన్ వేసుకుంటే అంతేనట. ఎసిట్రోమ్ మాత్రం ఇంకా ఆపలేదు. ఆపాలా? పక్కింటివాళ్లేమో గోంగూర, తోటకూర బాగా పెట్టమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (తెనాలి నుంచి)

చెల్లెమ్మా, ఎసిట్రోమ్ ఆపొద్దు. మావారికీ మెటల్ వాల్వే. రాత్రి లైటు తీసేశాక పక్కన పడుకుంటే టిక్ టిక్‌మని చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు మందగించినా, వినిపించకపోయినా వెంటనే రమ్మని ఆపరేషన్ చేసిన డాక్టరుగారు చెప్పారు. ఆకుకూరలు మాత్రం మేం పదేళ్లుగా ముట్టుకోవడం లేదు.

జవాబు (వరంగల్ నుంచి, ఫార్మసిస్ట్‌ని)

ముందుగా ఒక్క మాట. ఎసిట్రోమ్ మీ అంతట మీరు ఆపకండి. అది రక్తం పలచబడే మాత్ర అని అందరం అంటాం కానీ, రక్తాన్ని నీళ్లలా చేయదు, హిమోగ్లోబిన్ తగ్గించదు. లివర్ విటమిన్ కె సాయంతో గడ్డకట్టే పదార్థాలు తయారుచేస్తుంది, ఈ మాత్ర ఆ పనిని నెమ్మదింపజేస్తుంది, అంతే. మెటల్ వాల్వ్ మీద రక్తం గడ్డకట్టే గుణం ఉంటుంది. మాత్ర ఆపితే రెండు మూడు రోజుల్లోనే దాని ప్రభావం పోతుంది. గడ్డ వాల్వ్‌ను బిగించేయొచ్చు, లేదా మెదడుకు చేరి పక్షవాతం తేవొచ్చు. ఆపాల్సిన అవసరం నిజంగా వచ్చినా, అది ఆస్పత్రిలో, బదులుగా గడ్డకట్టనివ్వని హెపారిన్ ఇంజెక్షన్లు చేతిలో పెట్టుకుని కార్డియాలజిస్ట్ చేయించాల్సిన పని.

ఇక అసలు విషయం. ఈ మాత్ర వాడే మనిషికి హిమోగ్లోబిన్ 7.9 ఉందంటే, రక్తం ఎందుకు పట్టడం లేదని కాదు, ఎక్కడికి పోతోందని అడగాలి. ఐరన్ వేసుకుంటే మోషన్ నల్లబడే మాట నిజమే. కానీ అది ముదురాకుపచ్చ కలిసిన నలుపు, మామూలుగా గట్టిగానే వస్తుంది. కడుపులో రక్తం కారుతుంటే తారులా జిగటగా ఉంటుంది, రెండు చెంబుల నీళ్లు పోసినా అంటుకుపోతుంది, వాసన భరించలేం. అమ్మ ఈ విషయం మీతో చెప్పడానికి మొహమాటపడుతుంది. మీరే అడగండి, ఒకసారి కళ్లతో చూడండి. ముఖ్యంగా నలుపు ఐరన్‌కు ముందు నుంచే ఉందా అని అడగండి. ఆయాసం రెండు నెలలది, ఐరన్ ఐదు రోజులది కదా.

ఇంకో ప్రశ్న. మోకాళ్ల నొప్పులకని ఏమైనా మాత్రలు తెచ్చుకుంటోందా? మా కౌంటర్ దగ్గర రోజూ చూస్తుంటాను. గుండె మాత్రల చీటీ ఒక చేతిలో, చీటీ లేని నొప్పి మాత్ర ఇంకో చేతిలో. ఆ నొప్పి మాత్రలు కడుపులో పుండు చేసి రక్తం కారేలా చేయొచ్చు.

ఈరోజే సీబీపీ (రక్తకణాల లెక్క), పీటీ ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే టెస్టు, అంకె పెరిగేకొద్దీ రక్తం కారే ముప్పు ఎక్కువ) చేయించండి. మైట్రల్ మెటల్ వాల్వ్ వాళ్లకు ఐఎన్‌ఆర్ సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. మోషన్ తారులా ఉందంటే టెస్టుల కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

తెనాలి అక్కా, ఆకుకూరలు పూర్తిగా మానక్కర్లేదు. వాటిలో విటమిన్ కె ఉంటుంది కాబట్టి వారానికి ఇంత అని ఒకే లెక్కలో తినాలి. ఒక వారం అసలు తినకుండా, ఇంకో వారం రోజూ గోంగూర తింటేనే ఐఎన్‌ఆర్ ఎగుడుదిగుడవుతుంది. మీరు పదేళ్లుగా మానేశారు, డోసు దానికి తగ్గట్టే కుదిరి ఉంటుంది. మళ్లీ మొదలుపెట్టాలంటే డాక్టరుకు చెప్పి కొద్దికొద్దిగా, టెస్టు చేయించుకుంటూ మొదలుపెట్టండి.

మళ్లీ జగిత్యాల నుంచి, తొమ్మిది రోజుల తర్వాత

అన్నా, మీరు చెప్పినట్టే అడిగాను. నెల కిందటి నుంచే నల్లగా వస్తోందట, "ఇవి కూడా చెప్పుకుంటారా" అంది. దిండు కింద డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రల స్ట్రిప్ దొరికింది, పదికి మూడు మిగిలాయి. రోజుకు రెండు వేసుకునేదట. ఆ రాత్రే కరీంనగర్ తీసుకెళ్లాం. ఐఎన్‌ఆర్ 5.6. ఎండోస్కోపీలో కడుపులో పుండు కనిపించింది. రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు, ఎసిట్రోమ్ కొద్ది రోజులు ఆపి, హెపారిన్ పెట్టి, మళ్లీ మొదలుపెట్టారు. నిన్న ఇంటికి వచ్చాం. హిమోగ్లోబిన్ 9.4. పాంటాప్రజోల్ రాశారు. ఐరన్ మాత్రలు కాకుండా ఇంజెక్షన్ రూపంలో ఎక్కిస్తామంటున్నారు. మాత్రలు సరిపోవా?

జవాబు (వరంగల్ నుంచి)

మంచి కబురు చెప్పారమ్మా. ఐరన్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. పాంటాప్రజోల్ ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది, పుండు మానడానికి అది తప్పదు. అందుకే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ సుక్రోజ్ గానీ ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ గానీ ఆలోచిస్తున్నారు. పైగా మోషన్ మళ్లీ నల్లబడితే అది ఐరన్ వల్లేనేమో అన్న అనుమానమే ఉండదు. నరంలోకి ఎక్కించేదే తీసుకోండి. కండలోకి, అంటే పిరుదుకు, ఏ ఇంజెక్షనూ ఎవరితోనూ వేయించొద్దు. ఎసిట్రోమ్ వాడేవాళ్లకు అక్కడ లోపల రక్తం కారి, పేరుకుని వాచిపోవచ్చు.

తర్వాత మాత్రలు రాస్తే, టీకి ముందూ వెనకా ఒక గంట తేడా ఉంచండి. కాల్షియం మాత్రకు రెండు గంటలు. నిమ్మరసంతో అయితే బాగా పడుతుంది. మలబద్ధకం వస్తే రోజు విడిచి రోజు వేయొచ్చా అని డాక్టర్ని అడగండి. హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా దాదాపు మూడు నెలలు వాడాలి, లేకపోతే లోపలి నిల్వ నిండదు.

మోకాళ్లకు డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్ మాత్రమే. అదీ వరసగా వారం వాడితే ఐఎన్‌ఆర్ చూపించుకోండి.

ప్రశ్న (బెంగళూరు నుంచి)

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ బదులు, ఈ ఐఎన్‌ఆర్ టెస్టుల గోల లేని కొత్త మాత్రలు వచ్చాయట కదా. మా మామయ్యగారికి అవే ఇచ్చారు. ఈ అమ్మగారికి పనికిరావా?

జవాబు (వరంగల్ నుంచి)

మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు పనికిరావండి. ఆ కొత్త మాత్రల్లో ఒకటైన డబిగాట్రాన్‌ను వాళ్ల మీద పరీక్షించినప్పుడు గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువై, ఆ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. మీ మామయ్యగారికి గుండె లయ తప్పడానికో, కాలి సిరలో గడ్డకో ఇచ్చి ఉంటారు. వాటికి మంచి మందులే.

జగిత్యాల నుంచి

అన్నా, ఇంకొక్కటి. నిన్న రాత్రి 8కి మాత్ర వేయడం మర్చిపోయాం. పొద్దున గుర్తొచ్చింది. ఇవాళ రెండు వేయాలా?

జవాబు (వరంగల్ నుంచి)

వద్దమ్మా. ఈ రాత్రి ఒక్కటే, ఎప్పటి టైముకే. మర్చిపోయిన తేదీని ఐఎన్‌ఆర్ పుస్తకంలో రాసిపెట్టి, రేపు డాక్టరుకు చూపించండి.