బొనైర్‌లో ఒడ్డు నుంచే డైవింగ్: కొత్తవాళ్ళకి గైడ్ కావాలా, అక్కర్లేదా?

డల్లాస్_ఈతగాడు
అందరికీ నమస్కారం. నేను, మా ఆవిడ పోయిన సెప్టెంబరులో ఆస్టిన్ దగ్గర లేక్ ట్రావిస్ చెరువులో ఓపెన్ వాటర్ కార్డు (డైవింగ్‌లో మొదటి మెట్టు, 18 మీటర్ల లోతు వరకే) తెచ్చుకున్నాం. తలా 9 డైవ్‌లు అయ్యాయి. మార్చిలో 7 రాత్రులకి కరీబియన్ దీవి బొనైర్‌కి టికెట్లు కొన్నాం. పడవ అక్కర్లేదు, పికప్ ట్రక్కు అద్దెకి తీసుకుని, వెనక గాలి ట్యాంకులు వేసుకుని, రోడ్డు పక్కన డైవ్ చోటుకి గుర్తుగా పెట్టిన పసుపు రాయి కనిపించిన చోట ఆగి నీళ్ళలోకి నడిచి వెళ్ళడమే. ఆ దీవికి జనం వెళ్ళేదే అందుకట. రోజుకి 3 డైవ్‌లు అనుకుంటున్నాం. మొదటి రెండు రోజులు గైడ్‌ని పెట్టుకుందాం అంటోంది మా ఆవిడ. రాళ్ళ మీద పేర్లు కూడా రాసి ఉండే చోట గైడ్ దేనికి అని నా వాదన. మీరేమంటారు?

రఘు_హ్యూస్టన్
తమ్ముడూ, 5 సార్లు వెళ్ళాను, ఒక్కసారీ గైడ్‌ని పెట్టుకోలేదు. ఆ డబ్బు దాచుకో. గాలి ఏడాదిలో ఎక్కువ రోజులు తూర్పు నుంచి వీస్తుంది, డైవింగ్ అంతా పడమటి ఒడ్డున. అందుకే నీళ్ళు అంత ప్రశాంతంగా ఉంటాయి. చాలా చోట్ల ఒడ్డు నుంచి కొంచెం ఈదగానే 10 మీటర్ల లోతులో రీఫ్ (పగడపు దిబ్బ) అంచు వస్తుంది, అక్కడి నుంచి వాలు. దారి తప్పడానికి ఏముంది? వెళ్ళేటప్పుడు రీఫ్ ఎడమ భుజానికి ఉంటే, వచ్చేటప్పుడు కుడి భుజానికి. ప్రవాహం ఉంటే ముందు దానికి ఎదురు వెళ్ళు, అలసిపోయాక అదే నిన్ను తీసుకొస్తుంది. 1979 నుంచీ ఆ తీరమంతా మెరైన్ పార్కు, స్టినాపా అనే సంస్థ చూసుకుంటుంది. మొదటి రోజు డైవ్ షాపువాళ్ళు నియమాలు చెప్పి, వాళ్ళ ముందరి నీళ్ళలో చెక్ డైవ్ చేయిస్తారు, అది తప్పనిసరి. అది చాలు.

మీ వేళకి మీరు లేచి, మీకు నచ్చిన చోట దిగి, ఒక్క చేప దగ్గర అరగంట కూర్చోవచ్చు. గైడ్ వెనక వెళ్తే ఆ సుఖం ఉండదు.

పద్మజ_ఎన్‌జే
ఈతగాడు గారూ, మీ ఆవిడ చెప్పిందే వినండి. లేక్ ట్రావిస్‌లో 9 డైవ్‌లంటే సముద్రంలో సున్నా. అక్కడ అలలు లేవు, ఉప్పునీళ్ళు లేవు, అరికాళ్ళు కోసే సున్నపురాయి ఒడ్డు లేదు. బొనైర్‌లో కష్టం నీళ్ళ లోపల కాదు, నీళ్ళలోకి దిగే ఆ పది అడుగుల దగ్గర. వీపు మీద ట్యాంకు, చేతిలో ఫిన్స్ (కాళ్ళకి తొడిగే ఈత రెక్కలు), కాళ్ళ కింద జారే రాళ్ళు, వాటి సందుల్లో అర్చిన్లనే ముళ్ళున్న సముద్రజీవులు. గట్టి అడుగున్న బూట్లు లేకుండా వెళ్ళకండి. పార్కులో చేతి గ్లవ్స్ నిషేధం, కాబట్టి పడ్డా దేన్నీ పట్టుకోలేరు. చెక్ డైవ్‌లో ఇది నేర్పరు. మునగడానికి కట్టుకున్న బరువు సరిపోయిందా, తేలుతున్నారా అని చూస్తారు, అంతే.

రుషికొండ_కుర్రాడు
మా రుషికొండ అలల్లో దిగినవాళ్ళకి బొనైర్ ఒడ్డు చెరువుతో సమానం అండీ.

గోదారి_గట్టు
అసలు సంగతి ఎవరూ చెప్పట్లేదు. ట్రక్కుకి తాళం వేయకండి! అద్దాలు దించి, లోపల ఏమీ లేకుండా వదిలేయండి. తాళం వేస్తే అద్దం పగలగొట్టి చూస్తారు. నాకు చెప్పులు, తువ్వాలు, మా అబ్బాయి టోపీ పోయాయి. పాస్‌పోర్టు గదిలో పెట్టి వెళ్ళాం కాబట్టి బతికిపోయాం.

కరీంనగర్_వాసు
తాళం వేయకుండా వదిలేస్తే, బండే పోయినప్పుడు ఇన్సూరెన్సు ఇస్తదా? అద్దె కాగితం మీద ఏం రాసి ఉందో చదివారా అన్నా?

గోదారి_గట్టు
అద్దెకిచ్చినాయనే చెప్పాడు అలా వదలమని. ఇద్దరూ నీళ్ళలో ఉన్నప్పుడు కాపలా ఎవరు ఉంటారు మరి?

కరీంనగర్_వాసు
నోటి మాట వేరు, కాగితం వేరు. నాకు వేరే ఊళ్ళో ఇట్లనే చెప్పి, తర్వాత 1,100 డాలర్లు గుంజారు. ఫోన్‌లో రికార్డు చేసుకోవాల్సింది. అప్పటి నుంచి కాగితం మీద లేని మాట నేను నమ్మను.

రఘు_హ్యూస్టన్
వాసు గారూ, చిన్నవాటి దొంగతనమే అక్కడి సమస్య. తాళంచెవి నీళ్ళలో తడిసినా పాడవని రకం అడగండి, జాకెట్ జేబులో క్లిప్పుకి తగిలించండి. రిమోట్ ఉన్న తాళంచెవి తీసుకెళ్తే ఆ రోజుతో అది అయిపోయినట్టే.

నిర్వాహకుడు
ట్రక్కు గురించి వేరే చర్చ తెరవండి. ఇక్కడి ప్రశ్న గైడ్ గురించి.

పద్మజ_ఎన్‌జే
రఘు గారు ఐదుసార్లు అన్నారు గానీ మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయనకి ఎన్ని డైవ్‌లు అయ్యాయో చెప్పలేదు. ఇంకో మాట. కొత్తవాళ్ళు ట్యాంకులో గాలి ఒత్తిడి 3000 పీఎస్‌ఐతో, అంటే నిండుగా, దిగితే 2000కే వెనక్కి తిరగాలి. మూడో వంతు వెళ్ళడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ఆపదకి. ఇది వాళ్ళకి ఎవరు గుర్తు చేస్తారు?

రఘు_హ్యూస్టన్
మొదటిసారికి నాకు 60 డైవ్‌లు. 2000కి తిరిగితే అరగంట కూడా ఉండరు, డబ్బంతా దండగ. లెక్క చూడండి. 10 మీటర్ల లోతులో పైన పీల్చేదానికి రెండింతల గాలి ఖర్చవుతుంది, 20 మీటర్లలో మూడింతలు. వెళ్ళేటప్పుడు 18 మీటర్లలో వెళ్ళి, వచ్చేటప్పుడు 8 మీటర్లలో వస్తే అదే దూరానికి చాలా తక్కువ గాలి పడుతుంది. 1500కి తిరిగినా నిశ్చింతగా ఒడ్డుకి వస్తారు.

పద్మజ_ఎన్‌జే
మీ లెక్క నిబ్బరంగా ఊపిరి తీసేవాళ్ళకి. భయపడిన మనిషి ఊపిరి లెక్కలోకి రాదు. ట్యాంకులో గాలి ఎంత ఉందో చూపే ఆ గేజ్ ముల్లు దిగిపోవడం నేను చూశాను.

రఘు_హ్యూస్టన్
భయపడేవాళ్ళు అసలు దిగకూడదు.

పద్మజ_ఎన్‌జే
సరే, చెప్తాను. రెండేళ్ళ కిందట మేమిద్దరం దీవి దక్షిణపు కొనలో రెడ్ స్లేవ్ దగ్గర దిగాం. ఉప్పు మడుల్లో పనిచేసే బానిసల కోసం 1850లో కట్టిన చిన్న రాతి గుడిసెలు ఉంటాయే, అక్కడ. ఆ కొనలో ప్రవాహం గట్టిగా ఉంటుందని తర్వాత తెలిసింది. మా ఆయన తాబేలు వెంట పడ్డారు. నాకు 900 పీఎస్‌ఐ ఉండగా వెళ్దాం అని సైగ చేశాను. ఇంకాస్సేపు అన్నట్టు వేలు చూపించారు. మళ్ళీ చేశాను. మళ్ళీ వేలే. పైకి వచ్చేసరికి మేం దిగిన చోటు ఎంతో దూరంలో ఉంది. ప్రవాహానికి ఎదురు 40 నిమిషాలు ఈదాను, పిక్కలు పట్టేశాయి. గైడ్ ఉంటే ఆ రోజు మేం అక్కడ దిగేవాళ్ళమే కాదు.

రఘు_హ్యూస్టన్
మీకు జరిగింది విని బాధగా ఉంది. కానీ అది మీవారి తప్పు, దీవి తప్పు కాదు. 9 డైవ్‌ల వాళ్ళు రెడ్ స్లేవ్‌కి వెళ్ళకపోతే సరిపోతుంది. మీ ఇంటి గొడవకి అందరినీ గైడ్‌కి డబ్బు కట్టమనడం న్యాయం కాదు.

పద్మజ_ఎన్‌జే
ఇంటి గొడవా? నేను చచ్చిపోతాననుకున్నాను. ఒడ్డుకి వచ్చాక నాకు వినిపించిన మొదటి మాట ఏంటో తెలుసా? "ఇంత డబ్బు పెట్టి ఇంత దూరం వచ్చి, నువ్విలా భయపడితే ఎలా?" ఆ తర్వాత మిగిలిన నాలుగు రోజులూ నేను నోరెత్తలేదు. గేజ్ చూసి భయమేసినా బాగానే ఉన్నానని సైగ చేశాను. మీరు ఇప్పుడన్నది కూడా అదే, భయపడేవాళ్ళు దిగకూడదని! అలా అన్నారంటే ఇక భయమేస్తోందని ఎవరూ చెప్పరు. దాచుకుంటారు.

గైడ్ దారి చూపించడానికని మీరు అనుకుంటున్నారు. నాకు గైడ్ ఎందుకంటే, నేను ఆపుదాం అన్నప్పుడు ఆపే మనిషి ఒకరు నీళ్ళలో ఉండాలి. మొగుడి మీద మొహమాటం, డబ్బు మీద బెంగ లేని మనిషి. ఈతగాడు గారి ఆవిడ అడుగుతోంది కూడా అదేనేమో అని నా అనుమానం. ఈ చర్చలో ఆవిడని ఒక్కరూ అడగలేదు.

నెల్లూరు_రొయ్య
పద్మజ గారూ, మా ఇంట్లోనూ ఇదే. చెప్పినందుకు థాంక్స్.

రఘు_హ్యూస్టన్
పద్మజ గారూ, ఆ మాట అనకుండా ఉండాల్సింది. క్షమించండి. భయపడేవాళ్ళు దిగకూడదన్న మాటా వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ నేను గైడ్ వద్దనడానికీ కారణం ఉంది. 12 డైవ్‌లప్పుడు వేరే దీవిలో, పేరు అనవసరం, 8 మందిమి ఒక గైడ్ వెనక వెళ్ళాం. నా కార్డు 18 మీటర్లకే. ఆయన 30కి తీసుకెళ్ళాడు. ముందు మనిషి ఉన్నాడు కదా అని నేను నా గేజ్ చూడటమే మానేశాను. చూసేసరికి 400. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. పక్కన ఉన్న ముక్కూ మొహం తెలియని పెద్దావిడ ఊపిరి పీల్చే తన రెండో రెగ్యులేటర్ నాకిచ్చి నన్ను పైకి తెచ్చింది. ఆపాల్సింది నేను, ఆపే పని ఇంకొకరి చేతిలో పెట్టేశాను. అందుకే ఎవరడిగినా చెప్తాను, గైడ్ వద్దు, నీ గేజ్ నువ్వే చూసుకో అని. ఆ రోజు నుంచి నాకు వేరేలా ఆలోచించడం రాదు.

పద్మజ_ఎన్‌జే
మీకు చూసే మనిషి చూడలేదు, నాకు వినే మనిషి వినలేదు. ఎవరు ఎప్పుడు ఆపమన్నా, కారణం అడగకుండా ఆపాలి అని కోర్సులో మొదటే చెప్తారు. పైకి వచ్చాక కూడా ఆ మాట ఎత్తకూడదు. గైడ్ ఉన్నా లేకున్నా ఈ రూలు ఇంట్లోనే ఒప్పుకుని బయల్దేరాలి. అయినా గైడ్ కావాలనే అంటాను.

కరీంనగర్_వాసు
డైవ్ ఇన్సూరెన్సు తీసుకోండి. అక్కడ ఆసుపత్రిలో రీకంప్రెషన్ ఛాంబర్ (డైవింగ్‌లో ఒత్తిడి మార్పుతో వచ్చే జబ్బుకి వైద్యం చేసే గది) ఉంది గానీ బిల్లు మామూలుగా రాదు. చివరి డైవ్‌కి, తిరుగు విమానానికి మధ్య 18 గంటలు ఉంచుకోండి. ఆఖరి రోజు ఖాళీగా పెట్టుకుంటేనే మంచిది.

డల్లాస్_ఈతగాడు
రెండు రోజులు జవాబు రాయలేదు, మన్నించండి. ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. తను ఒక్కటే అడిగింది. "లేక్ ట్రావిస్‌లో నాలుగో డైవ్‌లో నేను పైకి వెళ్దామని సైగ చేశాను, గుర్తుందా?" నాకు గుర్తు లేదు. తను మూడుసార్లు చేసిందట. నేను చూడలేదో, చూసి ఇంకాస్సేపు అనుకున్నానో, ఎంత ఆలోచించినా తెలియట్లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మొదటి రెండు రోజులు గైడ్‌ని బుక్ చేశాం. మూడో రోజు నుంచి మేమిద్దరమే, ముందు తను, పక్కన నేను. చోట్లు కూడా తనే ఎంచింది. ఊరికి దగ్గరని ముందు బారి రీఫ్. తర్వాత సాల్ట్ పియర్ అనే ఉప్పు రేవు, ఉప్పు ఓడ లేని రోజు చూసుకుని. థౌజండ్ స్టెప్స్‌లో మెట్లు నిజంగా వెయ్యి ఉండవు, డెబ్బైకి అటూ ఇటూ అని చదివాం, కానీ ట్యాంకుతో ఎక్కాలి కాబట్టి ఐదో రోజుకి పెట్టింది. 2000కి వెనక్కి తిరుగుతాం. రెడ్ స్లేవ్ వద్దు. నీళ్ళలో మునిగి ఉన్న హిల్మా హుకర్ ఓడ కూడా వద్దంది, మా కార్డు 18 మీటర్లకే కదా.

రఘు_హ్యూస్టన్
మంచి ప్లాన్. కానీ హిల్మా హుకర్ మొత్తంగా వదలొద్దు తమ్ముడూ. 1984లో మునిగిన ఓడ, 70 మీటర్ల పైనే పొడవు, పక్కకి ఒరిగి పడుకుని ఉంటుంది. అడుగు 30 మీటర్లలో ఉన్నా పై భాగం 18 దగ్గరే. పైనుంచి చూసి వచ్చేయొచ్చు.

పద్మజ_ఎన్‌జే
రఘు గారూ, ఆవిడ వద్దన్నారు.

రఘు_హ్యూస్టన్
సరే. బారి రీఫ్‌లో చీకటి పడ్డాక కూడా ఒకసారి దిగండి, ఆవిడ సరేనంటేనే.