రోజంతా చెవిన పడే రొదను ఫోన్లతో కొలిచి మ్యాపు గీయడం ఎలా?

ప్రశ్న:
విశాఖలో గాజువాక నుంచి ఎన్‌ఏడీ కూడలి మీదుగా మద్దిలపాలెం దాకా రోజూ బస్సులో తిరిగే 12 మంది చెవిన ఎంత శబ్దం పడుతోందో మ్యాపు గీయాలి. ఆండ్రాయిడ్‌లో శబ్దం కొలిచే నాయిస్‌క్యాప్చర్ యాప్ వాడుతున్నాం. పక్కపక్కన పెట్టిన రెండు ఫోన్లు 7 డెసిబెల్స్ తేడా చూపిస్తున్నాయి. సగటు తీసేస్తే చాలా?

జవాబు 1:
సగటుతో ఆ తేడా పోదండి. ఒక్కో మోడల్ మైకు ఎప్పుడూ ఒకవైపుకే లాగుతుంది. క్లాస్ 2 (ఖచ్చితత్వంలో రెండో తరగతి) సౌండ్ మీటరు ఒకటి సంపాదించి, ముందు దాన్ని సరిగ్గా 94 డెసిబెల్స్ శబ్దం చేసే క్యాలిబ్రేటర్ అనే పరికరంతో సరిచూసుకోండి. క్యాలిబ్రేటర్‌ని నేరుగా ఫోనుకు పెడదామనుకోకండి, మైకు రంధ్రానికి అది అమరదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో స్పీకర్లో పింక్ నాయిస్ (అన్ని స్వరాలూ కలిసిన ఎడతెగని హోరు) పెట్టి, మీటరు మైకు పక్కనే ఫోన్లన్నీ ఉంచి మీటరు 50, 65, 80 డెసిబెల్స్ చూపే దగ్గర నిమిషం చొప్పున రికార్డు చేయండి. మూడు చోట్లా తేడా ఒకటే అయితే ఆ అంకెను యాప్ క్యాలిబ్రేషన్‌లో వేయండి. స్థాయి మారితే తేడా కూడా మారుతోందంటే ఆ ఫోను గెయిన్‌ను (మైకు శబ్దాన్ని ఎంత పెంచాలన్నదాన్ని) తనంతట తానే మారుస్తోందన్నమాట; దాన్ని పక్కన పెట్టేయండి. బయట కవర్‌తో తిరిగేవాళ్లు ఇక్కడా కవర్‌తోనే పెట్టాలి.

జవాబు 2:
అసలు తప్పు జరిగేది లెక్కలో. బస్సులో గంటసేపు 80, మిగతా 15 గంటలు 55 అనుకోండి. మామూలుగా కూడి భాగిస్తే 56.6. కానీ ప్రతి విలువనూ 10తో భాగించి, 10కి ఘాతంగా వేసి, సగటు తీసి, లాగ్‌ను 10తో గుణిస్తే 68 దాటుతుంది. ఆ ఒక్క గంటే రోజంతటినీ మింగేస్తోంది!
ఇంకోటి, 2000 నాటి కేంద్ర శబ్ద కాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 అన్నవి ఆ ప్రాంతపు బయటి వాతావరణానికి. బస్సు లోపలి అంకెను వాటి పక్కన పెట్టి "పరిమితి దాటింది" అనకూడదు.

ప్రశ్న అడిగినవారు:
ఫోను జేబులో ఉంచుకోవచ్చా అండీ?

జవాబు 3:
వద్దు. బట్ట రాపిడి రొదలా నమోదవుతుంది, పైగా అసలు శబ్దం తగ్గుతుంది. బ్యాగు పట్టీకి భుజం దగ్గర, మైకు బయటికి ఉండేలా కట్టండి. సొంత మాటలు కూడా అంకెను పెంచేస్తాయి, ఫోనులో మాట్లాడిన సమయం రాసిపెట్టుకోమనండి. ఆర్కే బీచ్ దగ్గర అలల హోరు నిజమైన శబ్దమే, తీసేయకండి. మైకుకు గాలి కొట్టే బరబర మాత్రం కొలతలో పొరపాటు. ఫోమ్ ముక్క అడ్డం పెట్టినా గాలి బాగా వీచే రోజు కొలతలు నమ్మొద్దు.
ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ కింద జీపీఎస్ పక్క రోడ్డుకు దూకుతుంది. జీపీఎస్ చూపే పొరపాటు 20 మీటర్లు దాటిన పాయింట్లు వదిలేసి, మిగతావి క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో 50 మీటర్ల గడుల్లో వేయండి, అక్కడా జవాబు 2లోని లెక్కే. ఒకే మనిషి ఒకే రోజు కొలిచిన గడికి రంగు వేయకండి. పంచుకునే ముందు ప్రతి ట్రాకులో మొదటి, చివరి 200 మీటర్లు కత్తిరించండి, లేకపోతే ఎవరి ఇల్లెక్కడో మ్యాపే చెప్పేస్తుంది.