‘బనానా మనీ’కి తెలుగేది?

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం ఏలుబడిలో మలయా (ఇప్పటి మలేషియా ద్వీపకల్పం, సింగపూర్) జనం ఎలా బతికారో చెప్పే వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. అక్కడ జపాన్‌వాళ్లు అచ్చేసిన నోట్లకు వచ్చిన పేరు ‘బనానా మనీ’ దగ్గర ఆగిపోయాను. ‘అరటిపండు డబ్బు’ అని రాస్తే మా అమ్మాయి చదివి, “ఆటలో అరటిపండా నాన్నా?” అని పక్కున నవ్వింది. ఇంకేమైనా మాట ఉందా అండీ?

జవాబు: మీ అమ్మాయి అసలు చిక్కు పట్టేసింది. ఇంగ్లీషులో బనానా అంటే సరిపోతుంది. మనకు చెట్టు, ఆకు, గెల, కాయ, పండు అన్నీ వేరు, ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. 10 డాలర్ల నోటు మీద అరటిచెట్టు బొమ్మ ఉండేది, అందుకే ఆ పేరు. మలయ్‌లో ‘దుయిత్ పీసంగ్’ అంటారు.

పాత నోట్లు పోగుచేసే మిత్రుడి దగ్గర ఒకటి చూశాను. వరుస నంబరు కోసం ముందూ వెనకా తిప్పాను, లేదు. ‘ఎం’తో మొదలయ్యే అక్షరాలే ఉన్నాయి. ఎం అంటే మలయా. మొదట్లో కొన్ని నోట్లకు నంబర్లు వేసి, తర్వాత మానేశారు. ఇక అచ్చుకు అడ్డేముంది? అడిగిన వెంటనే చెల్లిస్తామని జపాన్ ప్రభుత్వం హామీ మాత్రం నోటు మీద దర్జాగా ఉంది!

‘అరటిపండు’ వద్దనడానికి ఇంకో కారణం. ఆటలో అరటిపండు అంటే లెక్కలోకి రానివాడు. కానీ 1942 ఫిబ్రవరి 15న సింగపూర్‌లో బ్రిటిష్‌వాళ్లు జపాన్‌కు లొంగిపోయాక కూలి తీసుకున్నా, ఉప్పు కొన్నా ఈ నోట్లే. బర్మా బియ్యం రావడం తగ్గి, రేషన్ చాలక జనం కర్రపెండలం, చిలగడదుంప తిని నెట్టుకొచ్చారు. (టపియోకా అని రాయకండి, గోదావరి జిల్లాలవాళ్లు నొచ్చుకుంటారు.) బ్లాక్‌లో కాస్త బియ్యం దొరకాలన్నా రానురాను కట్టలు కట్టలు పోయాల్సి వచ్చింది. 1945 సెప్టెంబరులో బ్రిటిష్‌వాళ్లు తిరిగొచ్చి చెల్లదన్నాకే ఆ నోటు ఆటలో అరటిపండు అయింది. దాచుకున్నవాళ్ల గతి ఊహించండి. ‘అరటిపండు డబ్బు’ అంటే మొదటి రోజు నుంచీ దాన్నెవరూ లెక్కచేయలేదనే అర్థం వస్తుంది. నా ఓటు ‘అరటిచెట్టు నోటు’కే.

మరొకరు: సంభాషణల్లో అది పొడుగైపోతుందేమో. మొదటిసారి ‘అరటిచెట్టు నోటు’ అనేసి, తర్వాత ‘అరటి నోటు’ చాలు. ఇంకొక్క మాట, బర్మా ప్రస్తావన వస్తే ఈ పేరు వాడకండి. అక్కడ జపాన్‌వాళ్లు రూపాయి లెక్కలోనే అచ్చేశారు, అక్షరం ‘బి’. రంగూన్ నుంచి వచ్చిన మా తాతగారు వాటిని ఉత్తినే ‘జపాను నోట్లు’ అనేవారు.

ప్రశ్న వేసినవారు: చాలా థ్యాంక్సండీ, కర్రపెండలం కూడా దిద్దుకున్నాను. ఇంకో టెన్షన్ మిగిలింది. గడియారాలు గంటన్నర ముందుకు తిప్పించి టోక్యో టైమ్ పెట్టారట. వ్యాసంలో ఒకావిడ పొద్దున ఏడింటికి చీకట్లో రేషన్ క్యూకి బయల్దేరుతుంది. ఏడింటికి చీకటేంటని చదివేవాళ్లు నన్ను తిట్టుకోరూ?

జవాబు: ‘కోడి కూసేవేళకి బయల్దేరింది, గడియారంలో ఏడు’ అని రాసేయండి. టోక్యో టైమ్ సంగతి అంతకుముందు పేరాలోనే చెప్పేస్తే సరి.