గ్బార్పోలుకూ ఇద్దరే, మాంట్సెరాడోకూ ఇద్దరే: లైబీరియా సెనేట్ కూర్పు న్యాయమైనదేనా?

లెక్కలమనిషి:
పశ్చిమాఫ్రికా దేశమైన లైబీరియాలో సెనేట్ అంటే చట్టసభలో ఎగువసభ, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. 2008 జనాభా లెక్కల ప్రకారం రాజధాని మన్రోవియా ఉన్న మాంట్సెరాడో కౌంటీ జనం 11,18,241. వాయవ్యాన అడవుల మధ్యనున్న గ్బార్పోలు జనం 83,388. అయినా 15 కౌంటీలకూ ఇద్దరేసి చొప్పున సెనేట్‌లో 30 మంది ఉంటారు. గ్బార్పోలులోని ఒక్క ఓటు మాంట్సెరాడోలోని పదమూడు ఓట్లకు సమానం కావడం అన్యాయం.

బొపోలుదారి:
దిగువసభ అయిన ప్రతినిధుల సభను వదిలేశారేమండీ? అక్కడి 73 స్థానాల్లో మాంట్సెరాడోకు 17, గ్బార్పోలుకు 3. తలల లెక్క అక్కడ తీరింది. నేను రెండేళ్లు గ్బార్పోలు ముఖ్యపట్టణమైన బొపోలు వైపు రోడ్డు పనిలో ఉన్నాను. ఒక వానాకాలం రాత్రి, మా దగ్గర పనిచేసే ఒకాయన భార్యను ప్రసవానికి తీసుకెళ్తున్న బండి బురదలో దిగబడితే తెల్లవారేదాకా కదల్లేకపోయాం. ఆ గొంతు రాజధానిలో వినిపించడానికి ఇద్దరు ఎక్కువా?

సందేహి:
2008 లెక్కలెందుకు? 2022లో మళ్లీ లెక్కించారు కదా.

లెక్కలమనిషి:
అప్పటికి తేడా ఇంకా పెరిగింది. మాంట్సెరాడో 19 లక్షలు దాటింది, గ్బార్పోలు లక్షకు చేరలేదు. బొపోలుదారి గారూ, మీ అనుభవం బాధాకరమే గాని నా ప్రశ్నకు అది జవాబు కాదు.

గోదారిగట్టు:
సెనేటర్ల తొమ్మిదేళ్ల పదవీకాలం గురించి ఎవరూ మాట్లాడరేం? దాన్ని ఏడేళ్లకు తగ్గించాలన్న ప్రతిపాదన 2020 డిసెంబరు రిఫరెండంలో (ప్రజల ఓటింగులో) నెగ్గలేదు.

బొపోలుదారి:
ఆ రిఫరెండం రోజునే జరిగిన సెనేట్ ఎన్నికలో గ్బార్పోలు వారు బోటో కన్నే అనే మహిళను, స్వతంత్ర అభ్యర్థిని, గెలిపించుకున్నారు. ఆ జనాన్ని పదమూడో వంతు మనుషులుగా చూడమంటున్నారా మీరు?

లెక్కలమనిషి:
నేను అనని మాట నాకు అంటగట్టకండి! మా ఊరి నాయకుడొకాయన తాను వేయించిన ఒక్క రోడ్డు చూపించి మూడుసార్లు ఓట్లడిగాడు. బడికి పంతులు మాత్రం రాలేదు. చట్టసభకు పంపేది చట్టాలు చేయడానికి. రోడ్డు పేరు చెప్పి ఎవరు సీటు అడిగినా నాకు నమ్మకం కలగదు.

బొపోలుదారి:
అయితే మన తగువు అంకెల మీద కాదన్నమాట. లైబీరియాలో కౌంటీని నడిపే సూపరింటెండెంట్‌ను జనం ఎన్నుకోరు. సెనేట్ ఆమోదంతో అధ్యక్షుడు నియమిస్తాడు. తమను పాలించే మనిషి ఎంపికలో గ్బార్పోలు ప్రజలకు మాట చెల్లేది ఆ ఇద్దరి ద్వారానే. రోడ్డు గురించి వాళ్లను కాక ఎవరిని అడగమంటారు?

లెక్కలమనిషి:
అలాగైతే సూపరింటెండెంట్‌నే ఎన్నుకోనివ్వమని అడగాలి. దానికి నేనూ ఒప్పుకుంటాను. పదమూడు రెట్లకు మాత్రం ఒప్పుకోను.