షాంగ్ హాన్ అంటే టైఫాయిడ్ అని రాసెయ్యొచ్చా?

అందరికీ నమస్కారం. చైనా వాళ్ళ జలుబు కషాయాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నా. షాంగ్ హాన్ లున్ అనే పాత పుస్తకం పేరు మెషిన్లో వేస్తే టైఫాయిడ్ గ్రంథం అని వచ్చింది, ఫెంగ్ హాన్ అనే మాటకి (ఫెంగ్ అంటే గాలి, హాన్ అంటే చలి) నేనే వాతశైత్యం అని పెట్టుకున్నా. రెండూ అతకట్లేదు అనిపిస్తోంది, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

—

ముందు ఆ టైఫాయిడ్ తీసెయ్యండి సార్. షాంగ్ అంటే దెబ్బ తగలడం. ఇప్పటి చైనీస్‌లో టైఫాయిడ్‌కి షాంగ్ హాన్ అనే పేరే వాడుతున్నారు కాబట్టి మెషిన్ అలా అంది, కానీ జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు ఆ పుస్తకం రాసింది సుమారు 1800 ఏళ్ళ కింద, అప్పుడు ఆ మాటకి చలి తగిలి వచ్చే జ్వరాలన్నీ అని అర్థం. జలుబు అని తేలిగ్గా తీసెయ్యడానికీ లేదు, మా వంశంలో 200 మందికి పైగా ఉండేవాళ్ళం, పదేళ్ళు తిరక్కుండా మూడింట రెండు వంతులు పోయారు, పోయిన పదిమందిలో ఏడుగురు దీనితోనే అని ముందుమాటలో రాసుకున్నాడు పాపం. మనకి వడదెబ్బ ఉందిగా, నన్నడిగితే ఇది చలిదెబ్బ.

వాతశైత్యం మాత్రం అస్సలొద్దు. మన వాతం ఒంట్లోనే ఉండే దోషం, ఈ ఫెంగ్ బయట్నించి వచ్చి మీద పడే గాలి, వాతం అని రాస్తే చదివేవాడు మోకాళ్ళ నొప్పుల దగ్గరికి పోతాడు. చలిగాలి తగిలింది అంటే చాలు, మన అమ్మమ్మలు అనేదీ అదే.

—

అన్నా, మరి ఫెంగ్ ర అని ఇంకోటుంది, ర అంటే వేడి. గొంతు మంట, జ్వరం ఎక్కువ, చలి తక్కువ ఉన్నప్పుడు అంటారంట, ఇన్ చ్యావ్ సాన్ అనే మందు దీనికే ఇస్తారంట. దాన్ని ‘వేడి చేసింది’ అని రాయొచ్చా?

—

వద్దు తమ్ముడూ. మన ‘వేడి చేసింది’కి అచ్చంగా సరిపోయే మాట వాళ్ళకి వేరే ఉంది, షాంగ్ హువో, నిప్పు పైకెక్కడం అని. (ఈ షాంగ్ వేరు, రాసే అక్షరమే వేరు.) వేపుళ్ళు, లీచీ పళ్ళు ఎక్కువ తిని నోరు పూసినప్పుడు అంటారు, మనం మామిడిపళ్ళు తిని అన్నట్టే. దానికి తాగేది ల్యాంగ్ చా, చల్లటి టీ అని కాదు, వేడివేడిగా కూడా తాగుతారు, మన చలవ అన్న మాట దానికి బంగారంలా సరిపోతుంది. ఫెంగ్ ర మటుకు వేడిగాలి తగలడమే.

ఇన్ చ్యావ్ సాన్ 1798 నాటి వు జుటోంగ్ అనే వైద్యుడి పుస్తకంలోది. సాన్ అంటే పొడి, చూర్ణం అనుకోండి, కానీ నీళ్ళలో వేసి కాస్తే వాసన గుప్పున రాగానే దించెయ్యాలి, ఎక్కువ మరిగించకూడదు అని రాశాడు. టాంగ్ అంటే కషాయం. ఇప్పుడు చైనాలో టాంగ్ అంటే హోటల్లో ఇచ్చే సూపు కూడా, అందుకే గుయ్ జీ టాంగ్‌ని దాల్చిన సూప్ అని ఎవరో రాస్తే నవ్వొచ్చింది కానీ తప్పు పట్టలేకపోయా. అందులో దాల్చిన కొమ్మలు, తెల్ల పియోనీ వేరు, అల్లం, రేగు జాతి పండు, అతిమధురం వేస్తారు. తాగాక కాసేపటికి వేడి గంజి తాగించి దుప్పటి కప్పి ఒళ్ళంతా సన్నగా చెమట పట్టనివ్వమన్నాడు జాంగ్ జోంగ్‌జింగ్, నీళ్ళలా కారిపోతే జబ్బు తగ్గదట. దీన్ని వాళ్ళు జ్యే బ్యావ్ అంటారు, జ్యే అంటే ముడి విప్పడం, బ్యావ్ అంటే పైపొర. మక్కీకి మక్కీ వద్దు, చెమటపట్టి జ్వరం విడిచింది అంటాం చూడండి, ఆ విడవడమే.

—

మేము సర్ది అయింది అంటం అన్నా, మా దిక్కు జలుబు అనెటోళ్ళు తక్కువ. ఇంకోటి అడుగుత, అల్లం, శొంఠి వాళ్ళకి ఒకటేనా?

—

మంచి ప్రశ్న. పేరు ఒకటే, జ్యాంగ్. పచ్చిది షంగ్ జ్యాంగ్, ఎండింది గాన్ జ్యాంగ్. కానీ మందుగా రెండూ వేర్వేరు, పచ్చిది చెమట పట్టిస్తుంది, ఎండింది పొట్ట లోపల చలిని తీస్తుంది అంటారు, ఒకదాని బదులు ఇంకోటి వెయ్యరు. మనకి పేర్లే వేరు కాబట్టి అనువాదంలో ఇక్కడ కష్టం లేదు, ఎండు అల్లం అని మాత్రం రాయకండి మహాప్రభో. అన్నట్టు ‘మా హువాంగ్’ అనే మొక్కతో కాచే మా హువాంగ్ టాంగ్ గురించి రాస్తే అందులో ఎఫెడ్రిన్ అనే మందు పదార్థం ఉంటుందని, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు సొంతంగా వాడకూడదని ఒక లైను వెయ్యండి.

—

అంతా బాగుంది గానీ, ఒక్క చోట ఆ వ్యాసంలో గాలి సోకింది అని రాశా. మా ఊళ్ళో అలా అంటే దెయ్యం పట్టిందని అర్థం, మార్చనా?

—

తగిలింది అని మార్చండి సార్. కాకపోతే వాళ్ళ పుస్తకాల్లో ఆ గాలిని ఫెంగ్ షియే అంటారు, షియే అంటే చెడ్డది, దుష్టశక్తిని కూడా అదే మాటతో అంటారు. మీ ఊరివాళ్ళకి ఫుట్‌నోట్ లేకుండానే అర్థమయ్యేది.