అప్‌డేట్: ట్యూనర్‌తో వయొలిన్ సాధన, మూడు వారాల తర్వాత

ట్యూనర్ (స్వరం శ్రుతిలో ఉందో లేదో సూదితో తెరపై చూపే సాధనం) సూదిని చూస్తూ వాయిస్తున్నా వయొలిన్‌పై స్వరస్థానాలు కుదరడం లేదని ఇదివరకు అడిగాను. సూదిని వదిలి, షడ్జమాన్ని (స) ఆగకుండా మోగిస్తూ దానితో కలిపి వాయించమన్నారు. మూడు వారాలుగా అదే చేస్తున్నాను.

తేడా బాగా తెలుస్తోంది. సూది మధ్యకు వచ్చేదాకా వేలు జరుపుతూ పోవడమే నా తప్పు. చెవి చేయాల్సిన పని కన్ను చేసేది. ఇప్పుడు కళ్లు మూసుకుని స్వరం పట్టి, కుదిరిందనిపించాకే తెర చూస్తాను. నా నాలుగో వేలు దాదాపు ప్రతిసారీ శ్రుతికి కాస్త కిందనే పడుతోందని అలా బయటపడింది!

ఒక చిక్కు మాత్రం చాలా రోజులు వేధించింది. షడ్జమం మోగుతుండగా అంతర గాంధారం (గ స్వరాల్లో పైది) చెవికి హాయిగా ఉన్న చోట ట్యూనర్ తక్కువని చూపేది. అది పాడైందనుకున్నాను. తీరా చూస్తే, ట్యూనర్ సమాన విభజన (స్థాయిని 12 సమాన భాగాలు చేయడం) ప్రకారం ఆ స్వరాన్ని షడ్జమం నుంచి 400 సెంట్ల (స్థాయిలో 1200వ వంతు ఒక సెంటు) దగ్గర ఆశిస్తుంది. షడ్జమంతో 5:4 పౌనఃపున్య నిష్పత్తిలో పలికే గాంధారం సుమారు 386 సెంట్లే. ఆ 14 సెంట్ల దగ్గర చెవినే నమ్ముతున్నాను. పంచమంలో తేడా 2 సెంట్లే, కాబట్టి అక్కడ పేచీ లేదు.

వేగం పెంచితే మాత్రం వేళ్లు ఇంకా జారుతున్నాయి.